తక్కువ ధర బేస్ గిటార్ కొనేటప్పుడు ముందు నెక్ చూడండి

ప్రశ్న: మాది కాకినాడ. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. చర్చి గాయక బృందంలో కీబోర్డు వాయిస్తుంది. బృందంలో బేస్ గిటార్ వాయించే అబ్బాయి ఉద్యోగానికి వెళ్లిపోవడంతో ఆ పని తానే నేర్చుకుంటానంటోంది. నేను 20 వేలకు మించి పెట్టలేను. ఆన్‌లైన్‌లో పేరు తెలియని కంపెనీది 8,500కు కనిపించింది. పేరున్న కంపెనీలవి 20 వేల చుట్టుపక్కల మొదలవుతున్నాయి. విశాఖపట్నంలో ఒకాయన తాను కొన్నేళ్లు వాడిన యమహా నాలుగు తీగల బేస్‌ను 12 వేలకు ఇస్తానంటున్నారు. చర్చిలో ఒక పెద్దమనిషి మాత్రం, చవక గిటార్ దండగ, 40 వేలు పెట్టలేకపోతే అసలు కొనవద్దు అన్నారు. నాకు సంగీతం రాదు. అమ్మాయి చేతులు చిన్నవి. ఏది కొనాలి? మంచిదో కాదో నాలాంటివాడు ఎలా తెలుసుకోవాలి?
— ఒక తండ్రి, కాకినాడ

జవాబు: ఆ 40 వేల మాట పక్కన పెట్టండి. మీ దగ్గరున్న డబ్బుతో మీ అమ్మాయి ఏళ్ల తరబడి వాయించుకోగల బేస్ గిటార్ వస్తుంది. నా సలహా ముందే చెప్పేస్తాను. అమ్మాయిని వెంటబెట్టుకుని విశాఖ వెళ్లి ఆ యమహాను చూడండి. కింద చెప్పిన పరీక్షల్లో దాని నెక్, అంటే తీగల కింద ఉండే పొడవాటి మెడ భాగం, నెగ్గితే అదే కొనండి. నెగ్గకపోతే పేరున్న కంపెనీ కొత్తది తీసుకోండి. చేత్తో పట్టుకుని చూడకుండా ఆ 8,500 గిటార్‌కు మాత్రం డబ్బు కట్టవద్దు.

చవకది మంచిది కాదన్న అభిప్రాయం పాత రోజులది. నిజానికి బేస్ గిటార్ పుట్టిందే ఫ్యాక్టరీ వస్తువుగా. 1951లో అమెరికాలో లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్‌ను తెచ్చినప్పుడు నెక్‌ను బాడీకి జిగురుతో అతికించలేదు, స్క్రూలతో బిగించాడు. ఒక్కో భాగాన్ని విడిగా చేసి చివర్లో కలిపేస్తే గిటార్ తయారైపోతుంది. వీణలాగా ఒక పనివాడు పనసకొయ్యను రోజుల తరబడి తొలవాల్సిన వాద్యం కాదు ఇది. ఇప్పుడు ఆ కోతంతా కంప్యూటర్‌తో నడిచే యంత్రాలు చేస్తున్నాయి. కొరియాకు చెందిన కోర్ట్ కంపెనీ ఇండోనేషియా ఫ్యాక్టరీలో తన పేరుతో గిటార్లు చేస్తుంది, ఇంకా పెద్ద పేర్లున్న కంపెనీలకూ చేసి ఇస్తుంది. కాబట్టి చెక్క కోతలో, రంధ్రాల కొలతల్లో 20 వేల గిటార్‌కూ లక్ష రూపాయల గిటార్‌కూ మధ్య తేడా మీరనుకున్నంత ఉండదు.

తేడా అంతా మనిషి చేయాల్సిన పనిలో ఉంటుంది. నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలను ఫ్రెట్లు అంటారు, వాటి కొసలు నున్నగా అరగదీయాలి. గిటార్ తల దగ్గర తీగలు కూర్చునే గాడులను నట్ అనే చిన్న పట్టీలో సరైన లోతుకు కోయాలి. చివరగా తీగల ఎత్తు సరిచేయాలి. ధర తగ్గించాలనుకున్న ఫ్యాక్టరీ ముందు ఈ పనికిచ్చే సమయాన్నే తగ్గిస్తుంది. అయితే ఇదంతా తర్వాత ఒక మంచి రిపేరు పనివాడి చేత చేయించుకోవచ్చు. తీగ కంపనాన్ని కరెంటుగా మార్చే పికప్‌లు మార్చుకోవచ్చు, తీగలు బిగించే ట్యూనింగ్ కీలు మార్చుకోవచ్చు, బాడీ మీద తీగలను పట్టి ఉంచే బ్రిడ్జ్ మార్చుకోవచ్చు. మెలి తిరిగిన నెక్‌ను మాత్రం ఈ ధరలో ఎవరూ బాగుచేయరు. చేసినా ఆ ఖర్చుతో ఇంకో గిటార్ వస్తుంది. అందుకే నేను నెక్ దగ్గర ఇంత పట్టుబడుతున్నాను.

నాలుగు తీగలు బిగించి శ్రుతి చేస్తే వాటి లాగుడు మొత్తం 70 కిలోలకు పైనే ఉంటుంది. 34 అంగుళాల నిడివిన సాగే ఆ తీగలను రాత్రీ పగలూ కాసుకునేది ఒక సన్నటి కర్ర. అది ముందుకు వంగిపోకుండా లోపల ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీ పెడతారు. దాని కొస గిటార్ తల దగ్గరో, బాడీ దగ్గరో కనిపిస్తుంది. అలెన్ కీతో (ఆరు పలకల కొస ఉన్న వంపు కడ్డీ) తిప్పితే నెక్ వంపు మారుతుంది. ఆ కడ్డీ సరిగా పనిచేస్తున్నంత కాలం వంపు గురించి దిగులు అక్కర్లేదు.

విశాఖలో గిటార్ చేతికి రాగానే రంగు, మెరుపు చూడవద్దు. ముందు తీగలు శ్రుతి చేయించండి. తీగలు వదులుగా ఉన్నప్పుడు నెక్ ఎలా ఉందో చూసి లాభం లేదు. తర్వాత గిటార్‌ను పక్కకు తిప్పి, బాడీ వైపు నుంచి తల వైపుకు నెక్ అంచు వెంబడి చూడండి. వడ్రంగి వాసం తిన్నగా ఉందో లేదో ఒక కన్ను మూసి చూస్తాడే, అచ్చం అలాగే. రెండు అంచులూ చూడండి. కొద్దిగా ముందుకు వంపు ఉంటే తప్పు లేదు, ఉండాలి కూడా. తల దగ్గరి ఫ్రెట్‌లూ బాడీ దగ్గరి ఫ్రెట్‌లూ ఒకదానికొకటి సమాంతరంగా కనిపించాలి. ఒకటి ఎడమకు, మరొకటి కుడికి వాలినట్టు ఉంటే నెక్ మెలి తిరిగిందన్నమాట. అక్కడితో మిగతా పరీక్షలు ఆపి, నమస్కారం చెప్పి వచ్చేయండి. ధర ఆరు వేలకు తగ్గించినా వద్దు.

తర్వాత వంపు కొలవాలి. దీనికి ఇద్దరు కావాలి. అమ్మాయి లావు తీగను మొదటి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టుకోవాలి. మీరు అదే తీగను నెక్ బాడీలో కలిసే చోట నొక్కాలి. అప్పుడు తీగే స్కేలు బద్దలా పనికొస్తుంది. మధ్యలో, ఏడో ఎనిమిదో ఫ్రెట్ దగ్గర, తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సందు చూడండి. 0.3 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటే చక్కగా ఉన్నట్టు. మామూలు విజిటింగ్ కార్డు అందులో దూరాలి, వదులుగా ఆడకూడదు. సందు అసలే లేకపోతే నెక్ మరీ తిన్నగా ఉంది, లేదా వెనక్కి వంగింది. మిల్లీమీటరు దాటితే ముందుకు బాగా వంగింది. రెండూ ట్రస్ రాడ్‌తో సర్దుకునేవే. కానీ ఆ రాడ్ తిరుగుతుందో లేదో అక్కడే తేల్చుకోవాలి. అమ్మే ఆయననే అలెన్ కీతో పావు మలుపు తిప్పి చూపించమనండి, మీరు తిప్పవద్దు. గాడి అరిగిపోయి కీ జారుతున్నా, ఇప్పటికే చివరిదాకా బిగించి ఉండీ నెక్ ఇంకా వంగే ఉన్నా ఆ గిటార్ వదిలేయండి. వాడిన గిటార్లలో ఎక్కువ మంది మోసపోయేది ఇక్కడే. బయటకు నిగనిగలాడుతూ కనిపిస్తుంది, లోపలి కడ్డీ పని అయిపోయి ఉంటుంది.

ఇక మిగిలిన పరీక్ష అమ్మాయి చేయాలి. ఒక్కో తీగ మీద ఒక్కో ఫ్రెట్ నొక్కుతూ, మొదటి నుంచి చివరి దాకా, తొందర లేకుండా మీటుకుంటూ పోవాలి. దీనికి బేస్ వాయించడం రానక్కర్లేదు. కీబోర్డు వాయించే పిల్లకు చెవి ఉంటుంది, తేడా ఇట్టే పట్టేస్తుంది. ఒకే ఒక్క చోట తీగ జరజరమంటే ఆ పక్క ఫ్రెట్ కొద్దిగా లేచి ఉందని అర్థం. దాన్ని దించవచ్చు. మొదటి నాలుగైదు ఫ్రెట్లలోనే అంతటా జరజర వస్తే నెక్ మరీ తిన్నగా ఉందన్నమాట. అది ట్రస్ రాడ్ పని. బాడీకి దగ్గరగా, పదిహేనో ఫ్రెట్ దాటాక వరసగా తీగలు మూగబోతుంటే మాత్రం జాగ్రత్త. నెక్ కొస పైకి లేచి ఉండవచ్చు. అక్కడికి ట్రస్ రాడ్ పట్టు చేరదు. ఆ భాగంలో ఫ్రెట్లు అరగదీయాలి, లేదంటే నెక్ విప్పి కూర్చోబెట్టాలి. చర్చి పాటలకు అంత పైకి వెళ్లే అవసరం అంతగా రాదు కాబట్టి, మిగతావన్నీ బాగుంటే ఈ లోపం చూపించి ధర తగ్గించమని అడగవచ్చు.

అన్నిటికన్నా సన్న తీగ మీద ఐదు నుంచి ఏడో ఫ్రెట్ మధ్య ఏదో ఒక చోట స్వరం త్వరగా చచ్చిపోతే కంగారు పడవద్దు. ఫెండర్ తరహా బేస్‌లలో నెక్ తానే ఆ కంపనాన్ని మింగేస్తుంది. లక్షలు పెట్టినవాటిలోనూ ఇది ఉంటుంది. అలాగే యాంప్ (గిటార్ శబ్దాన్ని పెంచి వినిపించే పెట్టె) పెట్టకుండా వినిపించే సన్నటి జరజర యాంప్‌లో వినిపించకపోతే దాన్ని లెక్కపెట్టకండి.

పన్నెండో ఫ్రెట్ దగ్గర ఇంకో చిన్న పని ఉంది. ఫోనులో ట్యూనర్ యాప్ పెట్టుకోండి. తీగను పన్నెండో ఫ్రెట్ మీద నొక్కకుండా, సరిగ్గా లోహపు కడ్డీకి పైన వేలు ఆనించి మీటితే ఒక స్వరం వస్తుంది. అదే చోట నొక్కి మీటితే ఇంకొకటి. రెండూ ట్యూనర్‌లో ఒకేలా చూపాలి. తేడా ఉంటే బ్రిడ్జ్ మీద తీగ కూర్చునే సాడిల్‌ను స్క్రూతో ముందుకో వెనక్కో జరిపితే సరిపోతుంది. ఆ స్క్రూలు తుప్పు పట్టి బిగుసుకుపోలేదు కదా అని మాత్రం చూడండి. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇది మామూలే. నెక్ అంచుల మీద చున్నీ కొస వేసి మెల్లగా లాగితే ఫ్రెట్ల కొసలు గుచ్చుకునేలా ఉన్నాయో లేదో తెలిసిపోతుంది. గాలిలో తేమ తగ్గి చెక్క కుంచించుకుపోయినప్పుడు ఆ కొసలు బయటికి వస్తాయి. తడి గాలి ఊరి నుంచి హైదరాబాద్ వేసవికి వెళ్లిన గిటార్లలో ఇది తరచూ చూస్తాను. అరగదీయడం కష్టమేమీ కాదు. ఫ్రెట్ల మీద తీగ కింద లోతైన గంట్లు పడి ఉంటే మాత్రం ఆలోచించండి. ఫ్రెట్లన్నీ మార్చాలంటే ఆ 12 వేలలో చాలా భాగం ఖర్చవుతుంది.

ఎలక్ట్రికల్ భాగానికి వద్దాం. యాంప్‌కు కలిపి ప్రతి నాబ్‌నూ చివరి నుంచి చివరికి తిప్పండి. గరగరమంటే లోపల దుమ్ము. ఎలక్ట్రానిక్ భాగాలను శుభ్రం చేసే స్ప్రే కొడితే చాలావరకు పోతుంది. కేబుల్ పెట్టే జాక్‌ను కొద్దిగా కదిపినప్పుడు శబ్దం తెగుతుంటే టంకం వేయించాలి, చిన్న ఖర్చు. కొన్ని బేస్‌లలో 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. అది అయిపోతే గిటార్ మూగబోతుంది. చెడిపోయిందనుకుని వదిలేయకండి, మీతో ఒక కొత్త బ్యాటరీ తీసుకెళ్లండి. కొన్నాక అమ్మాయికి చెప్పండి, వాయించడం అయ్యాక కేబుల్ పీకేయాలని. కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ ఆ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది.

ఏమీ వాయించనప్పుడు సన్నగా గుయ్యిమనే శబ్దం వస్తుందనుకోండి. తీగల మీద చెయ్యి వేయగానే తగ్గితే గిటార్ లోపలి గ్రౌండ్ తీగ బాగున్నట్టే. చెయ్యి వేసినప్పుడే పెరిగితే వైరింగ్ ఎక్కడో తప్పింది. సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట) పికప్‌లున్న జాజ్ బేస్ అనే ఫెండర్ మోడల్‌లో ఒక్క పికప్‌ను మాత్రమే పెంచితే కొంత శబ్దం వస్తుంది. రెండూ సమానంగా పెంచితే తగ్గుతుంది. అది లోపం కాదు.

ఇక్కడ గిటార్ ధర కన్నా ముఖ్యమైన సంగతి ఒకటి చెప్పాలి. బేస్ గిటార్ తీగలు బ్రిడ్జ్ ద్వారా, కేబుల్ ద్వారా యాంప్ లోహపు పెట్టెకు కలిసి ఉంటాయి. ఆ పెట్టె మూడు పిన్నుల ప్లగ్గులోని లావు పిన్ను ద్వారా భూమికి కలవాలి. చర్చి భవనంలో ఎర్తింగ్ సరిగా లేకపోయినా, మూడో పిన్ను లేని అడాప్టర్ వాడినా, యాంప్‌లో కరెంటు లీకైతే ఆ కరెంటు మీ అమ్మాయి వేళ్ల కింది తీగల్లోకి వస్తుంది. ఎడమ చెయ్యి తీగల మీద ఉండగా పెదవులు మైకుకు తగిలితే షాక్ కొట్టడం మన ఊళ్లలో గాయక బృందాలకు బాగా తెలిసిన విషయమే. చాలామంది నవ్వి ఊరుకుంటారు. నవ్వే విషయం కాదు, ప్రాణం పోవచ్చు. ఎలక్ట్రీషియన్ చేత చర్చిలోని సాకెట్ల ఎర్తింగ్ పరీక్ష చేయించండి, కీబోర్డు, మిక్సర్, యాంప్ ఒకే ఎర్త్ మీద ఉండేలా చూడండి. గుయ్యిమనే శబ్దం పోతుందని ఎవరైనా లావు పిన్ను విరిచేయమంటే ఒప్పుకోకండి.

అమ్మాయి చేతులు చిన్నవన్నారు. దీనికి అంతగా భయపడనక్కర్లేదు. వేళ్లు చాచడం అలవాటు మీద వస్తుంది, కీబోర్డు అలవాటు అక్కడ సాయపడుతుంది. అయినా కూర్చుని ఒకసారి, పట్టీతో నిలబడి ఒకసారి పట్టుకోమనండి. నిలబడి చేతులు వదిలితే గిటార్ తల నేల వైపుకు జారిపోతోందా చూడండి. అలా జారే గిటార్‌ను ఎడమ చేత్తో మోస్తూ వాయించాల్సి వస్తుంది. గంటసేపు ఆరాధనలో భుజం పీకుతుంది. పట్టీ వెడల్పుగా, లోపల గరుకుగా ఉంటే కొంత ఆపుతుంది. ప్రెసిషన్ తరహాలో నట్ దగ్గర వెడల్పు 41 మిల్లీమీటర్ల పైచిలుకు, జాజ్ తరహాలో 38. ఈ మూడు మిల్లీమీటర్లు చిన్న చేతికి బాగానే తెలుస్తాయి. 34 అంగుళాల తీగ నిడివి మరీ కష్టమైతే 30 అంగుళాల పొట్టివి ఉన్నాయి, ఐబనీజ్ మిక్రో వంటివి ఇంకా పొట్టి. పొట్టి బేస్ అంటే పిల్లల బొమ్మ అని ఎవరైనా అంటే, బీటిల్స్ బృందంలో పాల్ మెకార్ట్‌నీ వాయించిన హాఫ్‌నర్ 30 అంగుళాలదేనని చెప్పండి. 1961లో హాంబర్గ్‌లో దాన్ని దాదాపు 30 పౌండ్లకు కొన్నాడు. ఫెండర్ 100 పౌండ్ల వరకూ ఉండడంతో కొనలేకపోయానని తానే చెప్పుకున్నాడు. ఆ చవక గిటార్‌తోనే వాళ్ల తొలి రికార్డులు వచ్చాయి. 1972లో దొంగలు ఎత్తుకుపోయిన ఆ గిటార్ తిరిగి దొరికిందని 2024లో ప్రకటిస్తే ప్రపంచమంతా వార్త అయింది.

ఐదు తీగల బేస్ కొనమని కూడా ఎవరో ఒకరు అంటారు. ఈ ధరలో వద్దు. ఐదో తీగ శ్రుతి 31 హెర్ట్జ్ (సెకనుకు 31 కంపనాలు) దగ్గర, చాలా కిందుగా ఉంటుంది. చవక గిటార్లలో అది వదులుగా ఊగుతూ ఏ స్వరమో తెలియకుండా పోతుంది. నాలుగు తీగలు చాలు. ఇళయరాజా పాటల్లో బేస్ ఎలా నడుస్తుందో అమ్మాయిని శ్రద్ధగా వినమనండి. పాటను మోయడానికి కావలసింది తీగల సంఖ్య కాదని తనకే తెలుస్తుంది.

విశాఖది కుదరకపోతే కొత్తవాటిలో యమహా టీఆర్‌బీఎక్స్ వరుసలోని చిన్నవి, ఐబనీజ్ జీఎస్ఆర్ వరుస, కోర్ట్ యాక్షన్, ఫెండర్ వారి స్క్వైర్ సోనిక్ చూడండి. నేనైతే యమహా వైపే మొగ్గుతాను. ఈ ధరలో దాని నెక్‌లు గిటార్‌కూ గిటార్‌కూ పెద్దగా తేడా లేకుండా వస్తాయన్నది నా నమ్మకం. ఏదైనా సరే, ఒకే మోడల్‌లో రెండు మూడు తీయించి ఇవే పరీక్షలు చేయండి. స్క్వైర్ ఫింగర్‌బోర్డ్ (నెక్ మీద వేళ్లు నొక్కే పలక) రోజ్‌వుడ్ కాదని, ఇండియన్ లారెల్ అని రాసి ఉంటే నాసిరకమనుకోకండి. అది మన అడవుల్లో పెరిగే నల్లమద్దే, గట్టి చెక్క. 2017లో రోజ్‌వుడ్ జాతుల అంతర్జాతీయ రవాణా మీద ఆంక్షలు బిగిశాక కంపెనీలు దాని వైపు మళ్లాయి. వాద్యాలకు 2019లో మినహాయింపు వచ్చినా అది అలాగే ఉండిపోయింది.

8,500 గిటార్ సంగతి: అందులోనూ అప్పుడప్పుడు మంచి నెక్ దొరుకుతుంది. కానీ దొరికిందో లేదో డబ్బు కట్టాకే తెలుస్తుంది. పాడైతే విడిభాగాలు దొరకవు, వద్దనుకుంటే తిరిగి కొనేవారుండరు. యమహానో ఐబనీజో అయితే అమ్మాయికి రేపు ఆసక్తి పోయినా సగానికి పైగా డబ్బు వెనక్కి వస్తుంది. ఇంకో మాట, తల మీద ఫెండర్ అని ఉండి ధర పది వేలు అంటే అది నకిలీ.

మొత్తం 20 వేలూ గిటార్ మీదే పెట్టేయకండి. కొత్త తీగలకూ సెటప్‌కూ నాలుగైదు వేలు పక్కన ఉంచండి. నట్ గాడులు, తీగల ఎత్తు సరిచేయించాక ఆ గిటార్‌ను మీరే గుర్తుపట్టలేరు. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు రెండు, రెండున్నర మిల్లీమీటర్లు ఉండాలని పనివాడికి చెప్పండి. చిన్న చేతులకు వాయించడం సగం తేలికవుతుంది. ఇంట్లో సాధనకు పెద్ద యాంప్ అనవసరం, జాక్‌లో గుచ్చుకునే హెడ్‌ఫోన్ యాంప్ సరిపోతుంది. చర్చిలో డీఐ బాక్స్ (గిటార్ సంకేతాన్ని మిక్సర్‌కు తగ్గట్టు మార్చే చిన్న పెట్టె) ద్వారా నేరుగా మిక్సర్‌కు ఇవ్వవచ్చు. ఇంట్లోని పాటలు వినే స్పీకర్లకు మాత్రం కలపవద్దు. బేస్ దెబ్బకు వాటి లోపలి కోన్ పాడైపోవచ్చు. కాకినాడ గాలికి తీగలు త్వరగా తుప్పు పడతాయి కాబట్టి స్టెయిన్‌లెస్ స్టీలువి వేయించి, వాయించిన ప్రతిసారీ పొడి గుడ్డతో తుడవమనండి. వేసవిలో రేకుల గదిలోనూ, ఎండలో నిలిపిన కారులోనూ గిటార్ ఉంచకూడదు.

విశాఖ వెళ్లినప్పుడు మూడు ఫొటోలు తీయండి: నెక్ అంచు వెంబడి ఒకటి, మొదటి ఐదు ఫ్రెట్లు దగ్గర నుంచి ఒకటి, ట్రస్ రాడ్ కొస ఒకటి. డబ్బు ఇచ్చే ముందు సందేహం మిగిలితే వాటిని పంపండి, చూసి చెబుతాను.